ఆరో జవాబు

1990లో బ్రిటన్‌లో ఇంటింటికీ తిరిగి ఒక పెద్ద సర్వే మొదలుపెట్టారు. ఎయిడ్స్ భయం ముదిరిన రోజులు. జనం లైంగిక జీవితం గురించి ఒక లెక్కంటూ లేకపోతే జబ్బు ఎటు పాకుతుందో చెప్పలేమని వైద్యులు అంటుంటే, థాచర్ ప్రభుత్వం అంతకు ముందు ఏడాదే దానికి డబ్బివ్వనని చేతులు దులుపుకుంది. వెల్కమ్ ట్రస్ట్ ఆ ఖర్చు నెత్తినేసుకుంది. ఆన్ జాన్సన్, కే వెలింగ్స్, జేన్ వాడ్స్‌వర్త్, జూలియా ఫీల్డ్ అనే నలుగురు ఆడవాళ్లు దగ్గరుండి నడిపించారు. 16 నుంచి 59 ఏళ్ల లోపు వాళ్లు 18,876 మంది జవాబులిచ్చారు.

ఆ సర్వే మొత్తంలో నాకు ముచ్చటేసింది ఒక అట్టముక్క. ఎవరి మీద ఆకర్షణ కలిగింది అన్న ప్రశ్నని నోటితో అడగలేదు. అట్ట చేతికిచ్చారు. దాని మీద ఆరు జవాబులు, ఒక్కోదాని పక్కన ఒక్కో అక్షరం. చదువుకుని ఆ అక్షరం చెబితే చాలు. పక్క గదిలో ఎవరు చెవి వొగ్గి విన్నా వాళ్లకి వినపడేది ఒక అక్షరం మాత్రమే. ఇదే ప్రశ్న ఏలూరు పవర్‌పేటలోనో, తాడేపల్లిగూడెంలోనో ఒక ఇంటి ముందుగదిలో కూర్చుని అడిగారనుకోండి. అత్తగారు వంటింటి గుమ్మంలోంచి చూస్తుంటారు, మావగారు పేపరు చదువుతున్నట్టే ఉంటారు కానీ పేజీ తిరగదు. అక్కడ నిజం బయటికి రావాలంటే ఆ అట్టముక్క తప్ప దారి లేదు.

ఆ ఆరింటిలో అయిదు మనం ఊహించగలిగినవే. ఎప్పుడూ ఆడవాళ్ల మీదే, ఎప్పుడూ మగవాళ్ల మీదే, ఎక్కువగా వీళ్ల మీద ఒకటి రెండుసార్లు వాళ్ల మీద, ఇద్దరి మీదా సమానంగా, ఇలా. ఆరోది మాత్రం నాకెప్పుడూ ఎవరి మీదా ఆకర్షణ కలగలేదు అనేది. సర్వే చేసినవాళ్లకి ఈ ఆరోవాళ్లతో పనేం లేదు. వాళ్లు వెతుకుతున్నది వైరస్ పాకే దారి, ఆ దారిలో వీళ్లు ఉండరు. అయినా ఆ జవాబుకి చోటు పెట్టారు. అంతకన్నా మంచి పని, ఆ చోటులో పడ్డవాళ్లని లెక్కలోంచి తీసి పారేయకుండా ఉంచారు.

పధ్నాలుగేళ్లకి, 2004లో, కెనడాలోని బ్రాక్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఆంథొనీ బోగర్ట్ ఆ పాత లెక్కల్ని తిరగేసి ఆరో జవాబు చెప్పినవాళ్ల మీద ఒక వ్యాసం రాశాడు. ఏసెక్సువల్ అని ఇవాళ మనం అనే మనుషుల గురించి జనాభా లెక్కతో వచ్చిన మొదటి గట్టి పని అదే. 18,876 మందిలో 195 మంది ఆ జవాబు చెప్పారు. నూటికి ఒకరు. స్వలింగ, ఉభయలింగ ఆకర్షణ ఉన్నవాళ్లంతా కలిపి ఆ సర్వేలో తేలింది కూడా ఇంచుమించు అంతే.

వ్యాసంలో కొత్త ప్రయోగం ఏమీ లేదు, ఉన్న గుట్టలోంచి ఏరుకున్నదే. కానీ ఏరిన తీరు చూడాలి. నూటికి ఒకరన్న మాట చెప్పి ఊరుకుంటే పత్రికలకి చాలు. బోగర్ట్ అక్కడ ఆగకుండా, అసలు ఈ సర్వేకి తలుపు తీయనివాళ్ల సంగతేమిటని అడుగుతాడు. దాదాపు మూడోవంతు మంది జవాబివ్వడానికి ఒప్పుకోలేదు. లైంగిక విషయాల మీద ఆసక్తి లేనివాళ్లు ఇలాంటి సర్వేకి మొహం చాటేయడం సహజం కనక అసలు సంఖ్య ఇంకాస్త ఎక్కువే ఉండొచ్చని తనే అంటాడు. ఇంకో పక్క, ఆరో జవాబు చెప్పినవాళ్లలో చదువు తక్కువవాళ్లు, ఆదాయం తక్కువవాళ్లు, ఆరోగ్యం బాగోనివాళ్లు కాస్త ఎక్కువగా కనిపించారు. ఆడవాళ్లు ఎక్కువ. ఆ ఆడవాళ్లు మిగతావాళ్లకంటే కాస్త ఆలస్యంగా ఈడేరారు. సగటున పొట్టివాళ్లు. భక్తి కొంచెం ఎక్కువ.

ఈ చివరి వాక్యాల దగ్గర నేను చాలాసేపు ఆగాను. పొట్టితనం, ఆలస్యంగా ఈడేరడం పుట్టుకనాటి శరీర తత్వాన్ని చూపిస్తాయి. చదువు, ఆదాయం పెరిగిన ఇంటిని చూపిస్తాయి. రెండూ ఒకే పట్టికలో పక్కపక్కనే ఉన్నాయి. తనకి నచ్చినదాన్ని పైకెత్తి రెండోదాన్ని అడుగున పెట్టే అవకాశం బోగర్ట్‌కి ఉంది, ఆయన ఆ పని చేయలేదు. ఇందులో దారులు ఒకటికి మించి ఉండొచ్చు, కొందరిది పుట్టుక, కొందరిది పరిస్థితి అన్నాడు. ఒక్క ప్రశ్నకి వచ్చిన జవాబుతో అంతకు మించి చెప్పకూడదు కూడా.

ఇంకో లెక్క మన వైపు పెళ్లిళ్ల పేరయ్యలు వినాల్సింది. ఆ 195 మందిలో పదికి నలుగురికి పైగా పెళ్లో సహజీవనమో చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు. మన ఊళ్లలో ఇలాంటి మనిషి ఉంటే ఇంట్లోవాళ్లు చెప్పుకునే కారణాలు తెలిసినవే. నాగదోషం. సన్యాస యోగం. చిన్నప్పుడే హాస్టల్లో పడేశాం అందుకే. ఎవత్తో మోసం చేసుంటుందండీ. వీటన్నిటి చివరా ఒకే మందు, పెళ్లి చేసేస్తే అదే దారిలో పడతాడు. పెళ్లయిపోయింది కనక ఏ ఇబ్బందీ లేదనుకునేవాళ్లకి ఈ పదికి నలుగురి లెక్క గుచ్చుకుంటుంది.

ఆరో జవాబుకి ఓ పూర్వీకుడు ఉన్నాడు. 1948లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ కిన్సే మగవాళ్ల లైంగిక ప్రవర్తన మీద పుస్తకం వేస్తూ సున్నా నుంచి ఆరు దాకా ఒక కొలబద్ద గీశాడు. ఒక కొస ఆడామగా ఆకర్షణ, రెండో కొస స్వలింగ ఆకర్షణ. ఈ కొలబద్ద మీద ఎక్కడా కూర్చోనివాళ్లకి ఎక్స్ అని గుర్తు పెట్టాడు. కిన్సే అంతకు ముందు లక్షల కొద్దీ కందిరీగల్ని సేకరించి, కొలిచి, పెట్టెల్లో అమర్చిన మనిషి. పెట్టెలో పట్టని పురుగుని పారేసే అలవాటు ఆయనకి లేదు. 1980లో మైకేల్ స్టార్మ్స్ ఆ ఒంటి గీత చాలదని రెండు గీతలు అడ్డంగా నిలువుగా వేశాడు. ఆడవాళ్ల మీద ఆకర్షణ ఒకటి, మగవాళ్ల మీద ఆకర్షణ ఇంకొకటి, రెండూ విడివిడిగా తగ్గుతూ హెచ్చుతూ ఉంటాయన్నాడు. రెండూ తక్కువగా ఉన్న మూల ఏసెక్సువల్స్‌ది. అప్పటికి ఎక్స్ అనేది అంచున రాసిన గుర్తులా కాకుండా పటంలో ఒక చోటు అయింది.

సరే, చోటు దొరికింది. అక్కడికి ఎలా వచ్చారన్నది మిగిలింది.

మిగతా ఆకర్షణల పుట్టుక మీద యాభై ఏళ్లుగా పని జరుగుతోంది, అందులో గట్టిగా నిలిచినవి కొన్నే. వాటిలో అన్నల లెక్క ఒకటి. 1996లో రే బ్లాంచర్డ్, ఇదే బోగర్ట్ కలిసి, మగపిల్లాడికి ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నలు పెరిగేకొద్దీ వాడు స్వలింగ ఆకర్షణ ఉన్నవాడయ్యే అవకాశం ఒక్కో అన్నకి మూడోవంతు చొప్పున పెరుగుతోందని చూపించారు. మూలసంఖ్య చిన్నది కనక చాలామంది తమ్ముళ్లకి దీనివల్ల ఏ తేడా ఉండదన్నది కూడా మరవకూడదు. అన్నలతో కలిసి పెరిగినందువల్లా, తల్లి గర్భంలో ఏదన్నా మారినందువల్లా అన్న తగవు పదేళ్లు నడిచింది. 2006లో బోగర్ట్ దాన్ని తేల్చిన తీరు చూస్తే నాకు అసూయ పుట్టింది. పెంపుడు అన్నలు, సవతి అన్నలు ఉన్నవాళ్లని ఒకవైపు పెట్టాడు. ఒకే తల్లికి పుట్టినా వేరే ఇళ్లలో పెరిగిన అన్నలున్నవాళ్లని ఇంకోవైపు పెట్టాడు. కలిసి పెరగడమే కారణమైతే మొదటి గుంపులో తేడా కనపడాలి. కనపడలేదు. రెండో గుంపులో, అన్న మొహం కూడా సరిగ్గా ఎరగని తమ్ముళ్లలో, తేడా అలాగే ఉంది. ప్రకృతి తనంతట తను విడదీసిపెట్టిన అన్నదమ్ముల్ని వెతికి పట్టుకోవడమే ఆ పనిలో అసలు నేర్పు. 2018లో ఆయన బృందం దీనికి గర్భంలో జరిగే కథని కూడా కొంత అందించింది. మగ పిండంలో ఉండే ఒక ప్రొటీన్ మీద స్వలింగ ఆకర్షణ ఉన్న అలాంటి తమ్ముళ్ల తల్లుల రక్తంలో ప్రతిరక్షకాలు ఎక్కువగా కనిపించాయి.

చేతివాటం రెండోది. 2000లో లాల్యుమియేర్, బ్లాంచర్డ్, జకర్ ఇరవై అధ్యయనాల్ని ఒకచోట పోసి చూస్తే, స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లలో కుడిచేతి వాటం కానివాళ్లు ఎక్కువ. ఆడవాళ్లలో ఆ తేడా మరీ ఎక్కువ. చేతివాటం కడుపులో ఉండగానే కుదురుకుంటుంది, అందుకే పరిశోధకులకి దాని మీద అంత మోజు. జన్యువుల సంగతి 2019లో తేలింది, లేదా తేలనట్టు తేలింది. దాదాపు 4,77,000 మంది జన్యువులు వెతికితే తేడాకి సంబంధం ఉన్న చోట్లు అయిదు దొరికాయి. సాధారణ జన్యు తేడాలన్నీ కలిపి వివరించగలిగింది 8 నుంచి 25 శాతం. ఒకే ఒక జన్యువు అన్న మాట అక్కడితో చచ్చిపోయింది. అది ఎంత పెద్ద పనో అంత మొరటు పని కూడా. ఎవరితో పడుకున్నారు అన్నదాన్నే వాళ్లు కొలిచారు. ఎవరితోనూ లేనివాళ్లకి అందులో చోటే లేదు. అంత పెద్ద గంపలో ఆరో జవాబు మళ్లీ జారిపోయింది.

ఇక గొర్రెలు. మా వైపు వాళ్లకి ఇదే నచ్చుతుంది. అమెరికాలో ఐడహో రాష్ట్రం డుబాయిస్ గొర్రెల పరిశోధనా కేంద్రంలో, డబ్బు పోసి పెంచిన పొట్టేళ్లు కొన్ని ఆడగొర్రెల జోలికి పోవడం లేదని గమనించారు. అయితే వాటికి ఓపిక లేదా, మనసు వేరే వైపు ఉందా? కదలకుండా కట్టిన రెండు గొర్రెలు, రెండు పొట్టేళ్ల మధ్యకి ఒక పొట్టేలుని వదిలారు. ఎటు పోతుందో చూడటమే పరీక్ష. నూటికి ఎనిమిది దాకా ఎప్పుడూ పొట్టేళ్ల వైపే పోయాయి. పదికి ఒకటో రెండో ఎటూ పోకుండా నిలబడ్డాయి. చార్లెస్ రోసెల్లి బృందం 2004లో మొదటి రకం పొట్టేళ్ల మెదడు కోసి చూసి, ఆడగొర్రెల వైపు పోయేవాటితో పోలిస్తే ఒక చిన్న నాడీకణాల ముద్ద సగమే ఉందని చెప్పింది. ఎటూ పోని పొట్టేళ్ల మీద మాత్రం ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లు తక్కువ. పైగా ఒక చిక్కు ఉంది. కోరిక లేక నిలబడిందో, బెదిరి నిలబడిందో పొట్టేలు చెప్పలేదు. మనిషి చెప్పగలడు, అడిగితే.

అడిగినవాళ్లు వాంకూవర్‌లో ఉన్నారు. బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో మొరాగ్ యూల్, లోరీ బ్రాటో, బోరిస్ గొర్జాల్కా 2014లో చేసిన పని చిన్నదే, కానీ నా లెక్కలో ఈ వ్యాసానికి మూలవిరాట్టు అదే. మిగతావాళ్ల పుట్టుక వెతకడానికి వాడిన మూడు పాత పనిముట్లనే, అంటే చేతివాటం, తోబుట్టువుల వరస, వేళ్ల పొడవుల నిష్పత్తి, ఏసెక్సువల్స్ మీద పెట్టి చూశారు. కొత్త పనిముట్టు తయారు చేసుకోలేదు. అదే వాళ్ల తెలివి. పాత పనిముట్టుతో కొలిస్తేనే పాత కొలతల పక్కన పెట్టి చూడొచ్చు.

ఇంకా నచ్చింది గుంపులు కట్టిన తీరు. ఏసెక్సువల్స్ 325 మంది, ఆడామగా ఆకర్షణ ఉన్నవాళ్లు 690, స్వలింగ, ఉభయలింగ ఆకర్షణ ఉన్నవాళ్లు 268. మూడో గుంపు లేకుండా ఈ పని చేసి ఉంటే ఎందుకూ కొరగాదు. ఏలూరువాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. 2020 డిసెంబరులో ఊళ్లో 600 మందికి పైగా మూర్ఛలొచ్చి పడిపోయినప్పుడు ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, ఇంకోచోట నుంచి పురుగుమందుల అవశేషాలన్నారు. ఊరంతా అడిగిన ప్రశ్న ఒకటే. పడిపోనివాళ్ల రక్తంలో ఎంత ఉంది? ఏసెక్సువల్‌గా ఉండటం జబ్బేం కాదు, ఆ రెంటినీ ఒక గాటన కట్టడం లేదు. కారణం వెతికే పద్ధతికి మాత్రం రెండు చోట్లా ఒకటే నియమం. పక్కన పెట్టి చూడ్డానికి ఎవరూ లేకపోతే దొరికిందేదీ దొరికినట్టు కాదు.

మరి ఏం దొరికింది? ఆడామగా ఆకర్షణ ఉన్నవాళ్లతో పోలిస్తే ఏసెక్సువల్ మగవాళ్లలో కుడిచేతి వాటం కానివాళ్లు ఉండే అవకాశం 2.4 రెట్లు, ఆడవాళ్లలో 2.5 రెట్లు ఎక్కువ. అంటే చేతివాటం విషయంలో వీళ్లు స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్ల దారిలోనే ఉన్నారు. మగవాళ్లలో ఏసెక్సువల్స్ కూడా ఇంట్లో కింది వరసలో పుట్టినవాళ్లే ఎక్కువ, ఇక్కడా పోలిక ఉంది. ఆడవాళ్ల దగ్గరకొచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. ఏసెక్సువల్ ఆడవాళ్లు స్వలింగ, ఉభయలింగ ఆకర్షణ ఉన్న ఆడవాళ్లకంటే పై వరసలో పుట్టినవాళ్లు. పైగా తోబుట్టువుల లెక్క చేతివాటాన్ని బట్టి మారుతోంది. వేళ్ల నిష్పత్తిలో అసలే తేడా లేదు.

వేళ్ల దగ్గర తేడా రాలేదని అంత స్పష్టంగా రాసినందుకే వాళ్ల మీద నమ్మకం కుదిరింది. ఆ నిష్పత్తి కడుపులో అందిన టెస్టోస్టెరాన్‌కి గుర్తని ఒక వాదం ఉంది. దాన్ని పట్టుకుని ఊగేవాళ్లకి ఈ సున్నా రుచించదు. మొత్తానికి వాళ్లన్నది, ఆకర్షణ కలగకపోవడానికి పుట్టకముందే మెదడు రూపుదిద్దుకున్న తీరులో ఒక పునాది ఉండొచ్చు, ఇది తొలి ఆనవాలు మాత్రమే అని. మరొక్క మాట వాళ్ల తరఫున నేను కలుపుతాను. జవాబులు ఇంటర్నెట్ ద్వారా వచ్చాయి, ఏసెక్సువల్ అని తమకి తాము పేరు పెట్టుకున్నవాళ్లవి. 325 మందిలో మగవాళ్లు 60 మందే. 60 మందిలో ఎడమచేతివాళ్లు నలుగురు అటో ఇటో అయితే ఆ 2.4 కదిలిపోతుంది. అన్నల లెక్క వెనక ఉన్నంత బరువు దీని వెనక ఇంకా లేదు. ఒక్కటి మాత్రం నిలబడింది. పుట్టుకని వెతికే ప్రశ్నలు మిగతా ఆకర్షణలకి ఎంత తగినవో దీనికీ అంతే తగినవి. ఆకర్షణ లేకపోవడం అనేది ఖాళీ కాదు, అది కూడా ఒక రకంగా తయారైందే.

శరీరంలో లోపమేమో అన్న అనుమానాన్ని బ్రాటో, యూల్ 2011లోనే పరీక్షించారు. 38 మంది ఆడవాళ్లు, ఆకర్షణని బట్టి నాలుగు గుంపులు, అందులో ఏసెక్సువల్స్ ఏడుగురు. శృంగార దృశ్యాలు చూపించి శరీరం స్పందన కొలిస్తే నాలుగు గుంపుల మధ్యా తేడా లేదు. ఏడుగురు చాలా తక్కువ, నిజమే. కానీ శరీరం పనిచేయడం వేరు, మనసు ఒకరి వైపు లాగడం వేరు అని చూపించడానికి ఆ ఏడుగురూ పనికొచ్చారు. ఈ తరహా పని పోగుపడ్డాక 2013లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథం అయిదో కూర్పులో, తాను ఏసెక్సువల్ అని చెప్పుకునే మనిషికి కోరిక లోపించిన రుగ్మత అని చీటీ రాయకూడదని చేర్చారు.

కొల్లేటి చుట్టుపక్కల ఈ తేడా చెప్పడం కష్టమే. కైకలూరు వైపు హేచరీల్లో బొచ్చె, శీలావతి చేపలు నిలవనీటి చెరువులో గుడ్డు పెట్టవు, హార్మోను సూది వేస్తే ఆ రాత్రికే పెట్టేస్తాయి. అది చూస్తూ పెరిగిన ఊళ్లో, కుర్రాడికి కూడా ఒక ఇంజక్షను చేయించండి అనే సలహా రావడంలో వింత లేదు. పెద్దయ్యాక ఒంట్లో పారే హార్మోను మోతాదుకీ, పుట్టకముందు మెదడు అల్లుకున్న తీరుకీ మధ్య ఉన్న దూరం ఆ సూదికి అందదు. సూది చేప చేత గుడ్డు పెట్టిస్తుంది, అంతే. విజయవాడ డాక్టర్ సమరం గారు వారపత్రికలో ఏళ్ల తరబడి ఇలాంటి అపోహల్ని విడదీస్తూ రాశారు కనకనే, ఈ మాటలు ఇవాళ తెలుగు అచ్చులో సిగ్గుపడకుండా రాయగలుగుతున్నాం.

ఇక్కడ ఇలాంటి పని చేయాలంటే? మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎంత పెద్దదైనా ఎవరి మీద ఆకర్షణ అని అడగదు. ఆ అట్టముక్కని ఇక్కడికి తేవాలి, ముందు అది. తరవాత ప్రశ్నలు మార్చాలి. ఏ చేత్తో రాస్తారు, ఏ చేత్తో తింటారు అని అడిగితే మన దగ్గర అందరూ కుడిచేతివాళ్లే తేలతారు. పుర్రచేయి అని చిన్నప్పుడే మొట్టికాయ వేసి మార్చేశారు కదా. బంతి ఏ చేత్తో విసురుతారు, కత్తెర ఏ చేత్తో పట్టుకుంటారు, కొడవలి ఏ చేతికి కుదురుతుంది అని అడగాలి. తోబుట్టువుల లెక్కలో పోయిన పిల్లల్ని, నిలవని కాన్పుల్ని కూడా కలపాలి, అది ఆ తల్లి తప్ప ఇంకెవరూ చెప్పలేరు.

ఇంకో పెద్ద అడ్డంకి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019-21 సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటు కాన్పులు 1.7. ఇద్దరు పుట్టగానే ఆపరేషను చేయించుకోవడం మన జిల్లాల్లో మామూలైపోయింది. ముగ్గురన్నల వెనక పుట్టిన తమ్ముడు ఇప్పటి పాతికేళ్ల వాళ్లలో దొరకడం కష్టం. అలాంటివాళ్లు కావాలంటే అరవై దాటినవాళ్ల దగ్గరికే వెళ్లాలి. ఆరేడుగురు తోబుట్టువుల మధ్య పుట్టి, అందరి పెళ్లిళ్లూ చేసి, తాను మాత్రం చేసుకోకుండా అన్నగారింట్లోనే ఉండిపోయిన బాబాయిలు భీమడోలు, ఆకివీడు ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లనెవరూ ఇంతవరకూ ఈ ప్రశ్న అడగలేదు.